పేడ ఉన్నోడికే గ్యాసు. లేనోడి పొయ్యి మాటేమిటి?

గోబర్ గ్యాసు మాటెత్తితే మన ఊళ్లలో ఒకటే జవాబు: "అది గొడ్డూ గోదా ఉన్నోళ్ల సంగతిలేవయ్యా, మనకెందుకు?" ఈ జవాబులో నిజం ఉంది. ఆ నిజాన్ని దాచి గ్యాసు గొప్పదనం ఒక్కటే చెబితే పేద రైతు నమ్మడు. నమ్మాల్సిన పని కూడా లేదు.

ముందు గ్యాసు ఎలా పుడుతుందో చూద్దాం. పేడను గ్యాసుగా మార్చేది యంత్రం కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. గాలి చొరబడని తొట్టిలో పేడ, నీళ్లు సమపాళ్లలో కలిపి పోస్తే, కొన్ని జీవులు పేడలోని పీచుపదార్థాన్ని విడగొడతాయి. మరికొన్ని దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. చివరి రకం వాటినుంచి మీథేన్ వాయువు తీస్తాయి. ఈ చివరివాటిని చాలాకాలం బాక్టీరియా అనే అనుకున్నారు. ఇవి వేరే తెగ జీవులని 1977లో అమెరికా శాస్త్రజ్ఞులు కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ తేల్చారు. వీటికి ఆక్సిజన్ గిట్టదు, చలి పడదు. 35 డిగ్రీల వెచ్చదనంలో చురుగ్గా ఉంటాయి. చలికాలంలో గ్యాసు తగ్గేది అందుకే.

పేడ ఎవరిది?

కిలో పచ్చిపేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. చిన్న కుటుంబం వంటకు సరిపడే రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. 1950లలో జశ్‌భాయ్ పటేల్ రూపొందించిన ఇనుప డోము ప్లాంటు ఖరీదైనదే. 1978లో ఇటుకల డోముతో 'జనతా' నమూనా, 1984లో ఇంకా చౌకైన 'దీనబంధు' వచ్చాయి. 1981-82 నుంచి ప్రభుత్వం దేశవ్యాప్త పథకం పెట్టి సబ్సిడీ ఇచ్చింది. ఖర్చు తగ్గింది గానీ, పశువుల లెక్క మారలేదు.

ఇంకో సంగతి. కూలి తల్లి దారిలో పడ్డ పేడ ఏరుకుని పిడకలు చేసుకుంటుంది. అది ఆమెకు పైసా ఖర్చు లేని వంటచెరకు. పేడకు గిరాకీ పుడితే ఆ ఉచితం పోతుంది. పెద్దరైతు ఇంట పొగ పోయి, కూలి ఇంట పొయ్యే ఆరిపోతే దాన్ని ప్రగతి అనగలమా?

పుర గ్రామం చెప్పిన పాఠం

దీనికి దారి లేకపోలేదు. మన అనంతపురం సీమకు సరిహద్దున ఉన్న కర్ణాటక తుముకూరు జిల్లాలో పుర అనే చిన్న ఊరుంది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని 'అస్త్ర' బృందం, ఎ.కె.ఎన్. రెడ్డి నాయకత్వాన, అక్కడ ఊరుమ్మడి ప్లాంటు కట్టింది. మొదట అందరికీ వంటగ్యాసు ఇద్దామనుకున్నారు. పేడ చాలలేదు. పైగా ఊరి జనానికి పుల్లలు ఊరకే దొరికేవి. వాళ్లకు కావాల్సింది మంచినీళ్లు. దాంతో 1987లో దారి మార్చారు. గ్యాసుతో ఇంజను నడిపి కరెంటు తీసి, బోరు నీళ్లు తోడారు, ఇళ్లలో దీపాలు వెలిగించారు. పేడ తూచి తీసుకున్నారు, తెచ్చినందుకు కొంత ముట్టజెప్పారు, గ్యాసు పోయాక మిగిలిన పేడను వాళ్లకే ఎరువుగా తిరిగిచ్చారు. గొడ్డు లేని ఇంటికీ నీళ్లు అందాయి. కీలకం తొట్టిలో కాదు, పంపకంలో ఉంది.

లాభమూ, జాగ్రత్తా

పిడక కాలిస్తే అందులోని నత్రజని గాలిపాలు. తొట్టిలో వేస్తే గ్యాసూ దక్కుతుంది, నత్రజని చాలామటుకు మడ్డిలో మిగిలి చేనుకు చేరుతుంది. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు పొగ బాధ తప్పుతుంది. మీథేన్ మండితే వచ్చే బొగ్గుపులుసు వాయువు నిన్నటి గడ్డి గాలినుంచి తీసుకున్నదే. కాబట్టి కొత్త భారం కాదు.

అయితే మండని మీథేన్ ప్రమాదకారి. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 28 రెట్లు. ఇరవయ్యేళ్ల లెక్కన 80 రెట్ల పైమాటే. ఎండిన పిడకలో మీథేన్ పెద్దగా పుట్టదు. తొట్టిలో మనమే కావాలని పుట్టిస్తున్నాం. డోము బీటలిచ్చి, గొట్టం కారుతూ ఉంటే మేలు కాస్తా కీడవుతుంది. ప్లాంటు కట్టి ఫోటో తీసుకుని పోతే చాలదు, బాగుచేసే మేస్త్రీ ఊళ్లో ఉండాలి. ఇంకొక హెచ్చరిక: ఖాళీ చేసిన తొట్టిలోకి ఎవరూ దిగరాదు. అందులో ఊపిరాడక ప్రాణాలు పోతాయి.

2018లో కేంద్రం 'సతత్' పేరుతో 2023 నాటికి 5,000 పెద్ద ప్లాంట్లు అంది. గడువు దాటింది, లక్ష్యం ఆమడ దూరాన మిగిలింది. ఇలాంటి ప్లాంట్లు ఎక్కడ వచ్చినా రైతాంగం అడగాల్సినవి మూడే: పేడకు, గడ్డికి తూకం ప్రకారం ధర ఇస్తారా? మడ్డి మా చేలకు తిరిగొస్తుందా? గొడ్డు లేని కూలికి వాటా ఏమిటి? సూక్ష్మజీవికి పెద్దరైతు పేడ, పేదరైతు పేడ అన్న తేడా లేదు. ఆ తేడా పెట్టేది మనుషులే. తీసేయాల్సిందీ మనుషులే.