మీకు తెలుసా? ఎండ వేడికి గ్రహశకలాలు దారి తప్పుతాయి!

మిట్టమధ్యాహ్నం కంటే రెండు, మూడు గంటల వేళ ఎండ ఎక్కువగా మాడ్చేస్తుంది. గ్రహశకలాల మీదా అంతే. సూర్యుడి వేడిని పీల్చుకున్న రాయి తన చుట్టూ తాను తిరుగుతూ, ఆ వేడిని కాస్త ఆలస్యంగా పరారుణ కిరణాలుగా వదులుతుంది. అవి ఒకవైపు ఎక్కువగా వెలువడటంతో రాయి రెండోవైపుకు అతి స్వల్పంగా నెట్టుకుపోతుంది. ఇదే యార్కోవ్‌స్కీ ప్రభావం. రష్యాలో పనిచేసిన ఇంజినీరు ఇవాన్ యార్కోవ్‌స్కీ 1900 ప్రాంతంలోనే దీన్ని ఊహించారు.

• ఎటు జరుగుతుంది? సూర్యుడి చుట్టూ తిరిగే దిశలోనే ఆత్మభ్రమణం చేస్తే కక్ష్య పెద్దదవుతుంది. ఎదురు దిశలో చేస్తే కుంచించుకుపోతుంది.

• తొలి కొలత: గొలెవ్కా అనే గ్రహశకలం బరువు దాదాపు 21 కోట్ల టన్నులు. దాని మీద పడే తోపు మాత్రం భూమ్మీద 28 గ్రాముల బరువుకు సమానం! అయినా 1991 నుంచి 2003 లోపు అది ఉండాల్సిన చోటు నుంచి 15 కిలోమీటర్లు జరిగిపోయింది. అరెసిబో రాడార్ ఈ తేడాను పట్టేసింది.

• బెన్ను లెక్క: సుమారు 490 మీటర్ల వెడల్పున్న ఈ శకలం 4.3 గంటలకోసారి ఎదురు దిశలో తిరుగుతుంది. దాని కక్ష్య అర్ధ దీర్ఘాక్షం (సూర్యుడి నుంచి ఉండే సగటు దూరం) ఏటా 284 మీటర్ల చొప్పున తగ్గుతోంది. నాసా వ్యోమనౌక ఒసైరిస్-రెక్స్ దగ్గరుండి గమనించడంతో ఈ లెక్క మరింత కచ్చితమైంది.

• ఎందుకీ తంటా? 2182 సెప్టెంబరు 24న బెన్ను భూమిని ఢీకొనే అవకాశం 2,700లో 1 వంతేనని 2021లో తేల్చారు. ఈ తోపును లెక్కలో కలపకపోతే అంత దూరపు జాతకం చెప్పడం అసాధ్యం.