రోబో చేతికి అరుగుదల ఎక్కడ?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు ఐటీఐ, డిప్లొమా అయ్యాక ఆశగా చూసే చోట్లలో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా ప్లాంటు ఒకటి. 2019 డిసెంబరులో లాంఛనంగా మొదలైన ఆ ప్లాంటులో 450కి పైగా రోబోలున్నాయని, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలమని కంపెనీ చెప్పింది. అలాంటి ఫ్యాక్టరీల్లో ఒకే రోబో కాసేపు రేకును పట్టుకోవాలి, కాసేపు వెల్డింగు చేయాలి. పనిముట్టు మార్చుకోవడానికి దాని మణికట్టుకు టూల్ ఛేంజర్ ఉంటుంది. అది రెండు ముక్కల తాళం: ఒక ముక్క రోబోకు, రెండోది టూలుకు. గాలి ఒత్తిడికి పిస్టన్ కదిలి ఉక్కు గోళీలను పక్కకు నెడితే రెండూ బిగుసుకుంటాయి.

లెక్క కోసం రోజుకు 1,000 కార్లు, కారుకు రెండు మార్పులు అనుకుందాం. 300 పనిదినాల్లో ఒక్క ఛేంజరే 6 లక్షల సార్లు తాళం పడుతుంది.

రోబో వెంట్రుక వాసి తేడా లేకుండా పనిచేస్తుంది కదా, మరి అరుగుదల ఎందుకు? నేర్పిన చోటికే అది తూచా తప్పకుండా వస్తుంది, నిజమే. కానీ టూలు పెట్టే స్టాండు మిల్లీమీటరు జరిగిందనుకోండి, అదే తప్పు చోటికి 6 లక్షల సార్లూ వస్తుంది! నా లెక్కలో అసలు దోషి తాళం కాదు, ఈ వంకర రాక.

బరువు సంగతీ చూడాలి. సిమెంటు మూటంత, అంటే 50 కిలోల టూలు. దాని బరువు కేంద్రం అర మీటరు అవతల ఉంది. స్టాండు మీద సరిగా కూర్చోకముందే తాళం విడిస్తే, రెండు ముక్కలనూ సరిగా కూర్చోబెట్టే, 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న పిన్నుల మీద సుమారు 250 కిలోల ఒత్తిడి పడుతుంది. ఐదు మూటలు!

గ్రీజు ఎక్కువ పూస్తే పోదా? పాత గ్రీజు తుడవకుండా పూస్తే వెల్డింగు పొడి అందులో కలిసి, ఆకురాయిలా లోహాన్ని తినేస్తుంది. గాలి ఒత్తిడి పెంచినా వంకర పోదు. తయారీదారు చెప్పిన హద్దులోనే ఉంచి, తేమ లేని గాలి ఇవ్వాలి.

కనిపెట్టడం కష్టం కాదు. తాళం పడే క్షణంలో టూలు చటుక్కున కదిలిందంటే రోబోకు చోటు మళ్లీ నేర్పాలి. పిన్నుకు ఒకవైపే మెరుపు గీత పడితే ఆ వైపు రాసుకుంటున్నట్టు. స్టాండును స్ప్రింగుల మీద కాస్త కదిలేలా అమర్చినా, తాళం పడేటప్పుడు రోబో పట్టు సడలేలా ప్రోగ్రాం రాసినా చిన్న తేడాలు సర్దుకుంటాయి.

మెయింటెనెన్సులో కొత్తగా చేరే పిల్లలకు ఒక మాట: కొత్త పిన్నుకు ఇండెంటు పెట్టేముందు స్టాండు బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి.