వర్తకుని లెక్కలపై పెత్తనమెవ్వరిది?

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, హౌరా–చెన్నై రైలుమార్గముమీద నున్న ఎలమంచిలిలో టోకు బెల్లపు వర్తకుడెవడైనను తన చిట్టా ఆవర్జాలను కంప్యూటరున కప్పగింపదలచినచో, ఏటేట చందా కట్టి యొక కంపెనీవారి సాఫ్టువేరును వాడుకొనుట యొక మార్గము. మూలరచన నెల్లరకును తెరచియుంచిన ఓపెన్ సోర్స్ సాఫ్టువేరును తెచ్చి తన వ్యాపారమునకు తగినట్లు మలచుకొనుట రెండవ మార్గము. ఈ రెండవదానికి చవకదనమే గొప్ప యని పలువురు తలంతురు. నా మతమున దాని గుణములలో నది కడపటిది.

మూలరచన యనగా ప్రోగ్రామర్లు వ్రాసిన ఆజ్ఞల పాఠము. విక్రేతలు సాధారణముగా దానిని దాచి, యంత్రమునకు మాత్రమే బోధపడు రూపమును కొనువాని చేత బెట్టుదురు. ఈ దాపరికమునకు ప్రతిగా 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ మూలరచన నెల్లరకును తెరచియుంచు గ్నూ ప్రాజెక్టును ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయవంటి లినక్సు కెర్నెలును వెలువరించెను.

నేడు మన ప్రోగ్రామరు పునాదినుండి కట్టనక్కరలేదు. సర్వరునకు లినక్సు, లెక్కలు భద్రపరచుటకు పోస్ట్‌గ్రెస్, వ్రాతకు పైథాన్, మార్పులను వరుసతప్పక దాచుటకు గిట్ సిద్ధముగా నున్నవి. ముంబయిలో పుట్టిన ఓపెన్ సోర్స్ వ్యాపార సాఫ్టువేరగు ఈఆర్‌పీనెక్స్ట్‌లో సరకునిల్వ, కొనుగోళ్లు, జమాఖర్చులు ముందే కూర్పబడియున్నవి. కావున దిమ్మల తూకము, దళారి కమీషను, రైతుకిచ్చిన బయానా మొదలగు మన వర్తకమునకే ప్రత్యేకమైన వ్యవహారములకే యతని శ్రమ వినియోగపడును. బిల్లు తెలుగున కావలెనన్నచో మండలి, సురన్న, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకొను అనుమతితోనే లభించుచున్నవి. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు ‘స్వేచ్ఛ’ సంస్థవారు లినక్సునే తెలుగున పలికించి యొక ఆపరేటింగు సిస్టమును రూపొందించిరి. తెలుగుకు గిరాకీ లేదని చెప్పు వ్యాపారసంస్థలకొర కెదురుచూచుచు గూర్చుండక, కావలసినవారే పూనుకొని చేసికొన్న పని యది!

ఇక పెత్తనము సంగతి. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగా, గుజరాతులో చమురుశుద్ధి కర్మాగారము నడపు నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసెను. రుసుము చెల్లించియున్నను సేవలు నిలిచిపోవుటచే ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. పిమ్మట సేవలు తిరిగి వచ్చినవి. అంతటి సంస్థ కనుక న్యాయవాదులను పెట్టుకొనగలిగెను. ఎలమంచిలి వర్తకుడేమి చేయును? మూలరచనయు, లెక్కలును తన యంత్రముననే యున్నవాని కీ భయము చాలవరకు తగ్గును. తయారుచేసినవారే చేతులు మారినను పని యాగదు: పోస్ట్‌గ్రెస్ వలెనే లెక్కలు భద్రపరచు మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్ వశము కానున్న తరుణమున, 2009లో, దాని ఆదికర్తయే ఆ మూలరచననుండి మరియాడీబీని వేరుచేసి నడపెను.

అయినను ఉచితమని తెచ్చి గాలికి వదలుట ప్రమాదము. 2021 డిసెంబరులో ఓపెన్ సోర్స్ సాఫ్టువేరైన లాగ్‌ఫోర్‌జేలో బయటపడిన లోపము ప్రపంచమునందలి సర్వర్లను గడగడలాడించెను. దానిని సరిదిద్దిన వారిలో పెక్కురు వేతనములేని స్వచ్ఛందసేవకులే. ఏటేట మిగిలిన చందాలో కొంతభాగమైన నొక ఇంజనీరు జీతమునకు పోవలెను. అతనితో ఒప్పందము వ్రాసికొనునపుడు మార్పులన్నియు గిట్‌లో నుంచి తాళపుచెవి వర్తకుని కప్పగించుట, ప్రతిరాత్రియు లెక్కల ప్రతి నొకదానిని వేరొక యంత్రమునకు చేర్చుట, నెలకొకమారు ఆ ప్రతినుండి లెక్కలు తిరిగి తెరచి చూపుట అను షరతులను మరువరాదు. మూడవదానిని చేయువా రరుదు.