మినుములో సూక్ష్మపోషక లోపాలు – ఋతువును బట్టి నిర్ధారణ

మినుము పైరుకు ఇనుము, జింకు, బోరాన్, మాలిబ్డినం అతి స్వల్ప పరిమాణంలోనే అవసరం. అయితే అవి లోపించినపుడు వేరు బుడిపెలలో నత్రజని స్థిరీకరణ, పూత, కాపు దెబ్బతింటాయి. నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైములో ఇనుము, మాలిబ్డినం అంతర్భాగాలు. నేల పరీక్ష పోషకం లభ్యతను సూచిస్తుంది. అది వేరుకు ఎంతమేరకు అందుతుందన్నది నేలలోని తేమ, ఉష్ణోగ్రతలపై, అంటే ఋతువుపై కూడా ఆధారపడి ఉంటుంది.

ఖరీఫ్: సున్నం అధికంగా గల నల్లరేగడి నేలల్లో వర్షాలకు నీరు నిలిచినపుడు వేర్లు విడిచే బొగ్గుపులుసు వాయువు బయటకు పోలేక బైకార్బొనేట్‌గా మారుతుంది. ఇది ఇనుము గ్రహింపును అడ్డుకుంటుంది. లేత ఆకులు ఈనెలు మినహా పాలిపోతాయి. మురుగునీరు తీసివేయడమే ఇక్కడ తొలి చికిత్స. తరువాత లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారి చేయాలి.

రబీ (వరి మాగాణులు): కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు 2–3 రోజుల ముందు మినుము విత్తనం వెదజల్లుతారు. దుక్కి ఉండదు కనుక నేలలో ఎరువు కలిపే అవకాశం లేదు. నీట మునిగిన నేలలో జింకు లభ్యత తగ్గుతుంది. చలికి వేరు పెరుగుదల మందగించి కొరత తీవ్రమవుతుంది. ఆకులు చిన్నవై మొక్కలు గిడసబారుతాయి. ముందు వేసే వరికే జింకు సల్ఫేటు వేయడం మేలు. పైరుపై లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రా. జింకు సల్ఫేటు పిచికారి చేయాలి.

బెట్ట: బోరాన్ నీటి ప్రవాహంతోపాటు మొక్కలోకి చేరుతుంది. పూత దశలో పైమన్ను ఎండితే పుప్పొడి నాళం సరిగా పెరగక పూత రాలి, కాయలో గింజలు తగ్గుతాయి. తేమ అందించడం ప్రధానం. బోరాన్ లోపానికి, విషప్రభావానికి నడుమ అంతరం స్వల్పం కనుక మోతాదు మించరాదు.

పసుపు రంగు కనిపించగానే సూక్ష్మపోషక మిశ్రమం సూచించడం తగదు. తెల్లదోమ వ్యాప్తిచేసే పల్లాకు తెగులులో పసుపు, ఆకుపచ్చ మచ్చలు క్రమం లేకుండా కలిసి ఉంటాయి. ఇనుము లోపంలో ఈనెల మధ్య భాగం సమంగా పాలిపోతుంది. ఈ తేడా గమనించకుంటే రైతుకు పిచికారి ఖర్చు వృథా కావడమే గాక తెగులు పొలమంతా వ్యాపిస్తుంది. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు లక్షణం లేత ఆకుపైనా ముదురు ఆకుపైనా, నేలలో తేమ ఎంత, ముందు పైరు ఏది అన్న మూడు అంశాలు పరిశీలించిన పిదపనే సిఫారసు చేయాలి.