మనసు గురించి చదివితే చాలదు

"మనోవ్యాధికి మందు లేదు" అన్నది మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్న మాట. ఆ మాటకు కాలం చెల్లింది. ఈనాడు డిప్రెషన్‌కు మందుంది, స్కిజోఫ్రీనియాకు మందుంది. చేతులు పదేపదే కడుక్కునే జబ్బుకు మందూ ఉంది, మందు లేకుండా ఇచ్చే చికిత్సా ఉంది. కరువల్లా ఆ చికిత్స చెయ్యగల మనుషులకే. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్టు తేలింది. జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది.

ఈ పరిస్థితిలో ఇంటరు పాసైన పిల్లలు "సైకాలజీ చదువుతాం" అనడం సంతోషించవలసిన విషయమే. కాని తల్లిదండ్రులకు సవాలక్ష సందేహాలు. ఆ చదువుకు ఉద్యోగం వస్తుందా? డాక్టరు అనిపించుకుంటారా? పిచ్చివాళ్ళ మధ్య తిరిగితే పిల్లకు పెళ్ళవుతుందా? ఈ ప్రశ్నల సందడిలో అసలు అడగవలసిన ప్రశ్న మరుగున పడిపోతున్నది. ఆ కోర్సు పిల్లవాడికి మనసు గురించి చెబుతుందా, లేక మనసుకు వైద్యం చెయ్యడం కూడా నేర్పుతుందా?

తెలియడం వేరు, చెయ్యడం వేరు

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ కుళాయి తాకితే మైల అంటుకుందని ఇరవైసార్లు చేతులు కడుక్కుంటుంది. చేతులు పాచిపోయినా ఆగదు. ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని సైకాలజీ చదివిన ఏ విద్యార్థి అయినా చెప్పగలడు. మరి తగ్గించడం ఎలా?

చికిత్స చేసేవారు ముందుగా ఆవిడ చేతే ఒక పట్టిక రాయిస్తారు. తక్కువ భయం కలిగించేవి పైన, ఎక్కువ భయం కలిగించేవి కింద. మొదట సులువైనదానితో మొదలుపెట్టి, ఆ వస్తువును తాకించి, చేతులు కడుక్కోకుండా కూర్చోబెడతారు. భయం పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది. కాని కడుక్కోకపోయినా కొంతసేపటికి ఆ భయం దానంతటదే దిగిపోతుంది. ఈ సంగతి ఆవిడ స్వయంగా అనుభవించాలి. రోజుల తరబడి ఇలా చేస్తే జబ్బు పట్టు సడలుతుంది. తొందరపడి పట్టికలో అడుగున ఉన్నదానితో మొదలుపెడితే ఆవిడ రెండోసారి రాదు. జాలిపడి "ఏం కాదులేమ్మా, శుభ్రంగానే ఉన్నావు" అని మాటిమాటికీ ధైర్యం చెబితే జబ్బు ఇంకా బలపడుతుంది. ఎంతవరకు నొక్కాలి, ఎక్కడ ఆగాలి అన్నది పుస్తకం చదివితే వచ్చేది కాదు. అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

డాక్టర్ల విషయంలోనూ ఇంతే. ఎం.బి.బి.ఎస్. పరీక్షలన్నీ పాసైనా, ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పనిచెయ్యనిదే స్వంతంగా వైద్యం చేసే అర్హత మాకు రాదు. మనసుకు వైద్యం చేసేవారికి మాత్రం ఆ నియమం అక్కర్లేదా?

ఇంకొక సంగతి. థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు నీరసం, మతిమరుపు, దిగులు కలుగుతాయి. చూడ్డానికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. విటమిన్ బి12 లోపంలోనూ మతిమరుపు, దిగులు కనిపించవచ్చు. కొన్ని రకాల మూర్ఛలు వింత ప్రవర్తనగానే బయటపడతాయి. ఆస్పత్రిలో శిక్షణ పొందినవారు "ముందు రక్తపరీక్ష చేయించండి" అని డాక్టరు దగ్గరకు పంపుతారు. ఆ శిక్షణ లేనివారు నెలల తరబడి కౌన్సెలింగ్ చేస్తూ కూర్చుంటారు.

చచ్చిపోవాలనుందని చెప్పే మనిషి ఎదురుపడితే? "ఆ మాట ఎత్తితే లేనిపోని ఆలోచన పెట్టినవాళ్ళమవుతాం" అని చాలామంది భయపడతారు. అది అపోహ. శిక్షణ ఉన్నవారు సూటిగా, నెమ్మదిగా అడుగుతారు. ఆ ఆలోచన ఎంత గట్టిగా ఉంది, మార్గం వెతుక్కున్నారా, ఇంట్లో పురుగుమందు ఉందా అని తెలుసుకుంటారు. ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా ఏర్పాటు చేస్తారు. ఇక్కడ శిక్షణలో లోపం ఖరీదు ఒక ప్రాణం.

ఎవరు ఎవరు?

ఈ రంగంలో పేర్ల గందరగోళం ఎక్కువ. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయన. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు జరిపి, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేసేవారు. సైకియాట్రిక్ సోషల్ వర్కరు రోగి కుటుంబాన్ని, ఉద్యోగాన్ని, పునరావాసాన్ని చూసుకుంటారు. మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సులూ ఉన్నారు. ఈ నలుగురూ ఒక జట్టు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు ఎవరో స్పష్టంగా చెప్పింది. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత పొంది ఉండాలి. లేదా సైకాలజీలో పి.జి. చేసి, ఆ పైన రెండేళ్ళు పూర్తికాలం ఎం.ఫిల్. చదివి ఉండాలి. ఆ ఎం.ఫిల్.లో పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ ఉండాలని కూడా చట్టంలోనే రాశారు. అంటే ఒట్టి సైకాలజీ బి.ఏ., ఎం.ఏ. చదివినవారు క్లినికల్ సైకాలజిస్టులు కారు. అవి మంచి చదువులే, బోధనకు, పరిశోధనకు పనికొస్తాయి. చికిత్సకు మాత్రం తొలిమెట్టు మాత్రమే.

చదువు దారి మారుతున్నది

చదువును, చికిత్సను జంటగా నేర్పాలన్న ఆలోచన మన దేశానికి కొత్తదేమీ కాదు. బెంగుళూరు సంస్థలో 1955లోనే ఈ రంగంలో డిప్లొమా మొదలైంది. తరవాత అది ఎం.ఫిల్. అయింది. చాలాకాలం ఈ వృత్తికి అదే సింహద్వారం. 2022లో యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తివేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్కుకు మాత్రం 2025-26 ప్రవేశాల దాకా గడువిచ్చింది. ఈలోగా రీహాబిలిటేషన్ కౌన్సిల్ కొత్త కోర్సులు రూపొందించింది. ఇంటరు తర్వాత నాలుగేళ్ళ బి.ఎస్‌సీ. ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, ఆ పైన రెండేళ్ళ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ వాటిలో ముఖ్యమైనవి. శాస్త్రాన్నీ, చికిత్సనూ మొదటినుంచీ కలిపి నేర్పడం వీటి ఉద్దేశం.

ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదివేస్తే? 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య ద్వారా గాని, ఆన్‌లైన్‌లో గాని నడపరాదని యు.జి.సి. యూనివర్శిటీలను ఆదేశించింది. "ఆర్నెల్లలో థెరపిస్టు" అనే ప్రకటనల సంగతి వేరే చెప్పాలా?

విదేశీ డిగ్రీల మోజు కూడా ఉంది. బ్రిటన్‌లో ఏడాది ఎం.ఎస్‌సీ. చేసినంతమాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. అక్కడ ఆ బిరుదుకు చట్టరక్షణ ఉంది. డిగ్రీ అయ్యాక సాధారణంగా మూడేళ్ళ డాక్టరేటు శిక్షణ పొంది, రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఒట్టి "సైకాలజిస్టు" అన్న పేరుకు మాత్రం అక్కడా ఆ రక్షణ లేదు. అప్పుచేసి పంపేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

చేరేముందు అడగండి

ఫీజు ఎంత, హాస్టలు ఉందా అని అడిగే తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు కూడా అడగాలి.

ఒకటి: ఈ కోర్సుకు, ఈ కాలేజీకి, ఈ ఏడాదికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆమోదం ఉందా? కాలేజీ కరపత్రం నమ్మవద్దు, కౌన్సిల్ జాబితాలో చూడండి.

రెండు: పాసయ్యాక కౌన్సిల్ వారి కేంద్ర రిజిస్టరులో ఏ హోదాలో పేరు చేరుతుంది? 1992 నాటి చట్టం ప్రకారం, నమోదు కావలసిన వృత్తిని నమోదు లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

మూడు: విద్యార్థులు ఏ ఆస్పత్రిలో రోగులను చూస్తారు? ఎన్ని గంటలు చూస్తారు?

నాలుగు: పక్కనుండి చూసి, తప్పులు దిద్దే అధ్యాపకులు ఎందరున్నారు? వారికి స్వయంగా రిజిస్ట్రేషన్ ఉందా?

మూడు, నాలుగు ప్రశ్నలకు జవాబు నీళ్ళు నమిలినట్టుంటే ఆ కాలేజీ గడప దిగి వచ్చెయ్యండి.

ఎవరు చదవాలి?

మార్కులు బాగా వచ్చినంత మాత్రాన ఈ చదువు నప్పదు. ఎదుటివాడు చెప్పేది గంటసేపు అడ్డు తగలకుండా వినే ఓపిక ఉండాలి. చిన్న ఊళ్ళలో రోగి మన వీధివాడే కావచ్చు. అతని సంగతి ఇంట్లో భోజనాల దగ్గర కూడా నోరు జారకూడదు. రోగి గోప్యతకు 2017 చట్టం హక్కు కల్పించింది. తన దిగులు పోగొట్టుకోవడానికి సైకాలజీ చదవాలనుకునే పిల్లలు కొందరుంటారు. వారు ముందు చికిత్స పొందాలి. పొంది కోలుకున్నవారు నిస్సంకోచంగా ఈ వృత్తిలోకి రావచ్చు. ఇక పిచ్చివాళ్ళ మధ్య తిరిగితే పిచ్చి వస్తుందన్నది ఒట్టి మాట. మానసిక రుగ్మత అంటువ్యాధి కాదు.

ఉద్యోగాల విషయానికొస్తే, అవసరం పెరుగుతూనే ఉంది. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు తయారవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పింది. నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలరును గాని, సైకాలజిస్టును గాని, సోషల్ వర్కరును గాని నియమించాలని, వారికి పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలని ఆదేశించింది. ఆ కుర్చీలో బోర్డు కోసం ఎవరినో ఒకరిని కూర్చోబెడితే ఆదేశం కాగితం మీదే ఉండిపోతుంది. రేపు మన పిల్లలు బాధ చెప్పుకోవడానికి వెళ్ళేది ఆ కుర్చీ దగ్గరికే. కనుక ఈ చదువు నాణ్యత దాన్ని చదివేవారి ఇంటి సమస్య మాత్రమే కాదు, మనందరిదీ.

ఈలోపు మీ ఇంట్లో ఎవరైనా దిగులుతోనో, నిద్రలేమితోనో, చావు ఆలోచనలతోనో బాధపడుతుంటే ఆలస్యం చెయ్యకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్‌కు, 14416 నంబరుకు, ఫోను చెయ్యండి. డబ్బు తీసుకోరు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఫోనుతో సరిపెట్టుకోక వెంటనే దగ్గరలోని ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.