గద్వాల మగ్గమునకు ఇటలీ చదువు

గద్వాల సంస్థానమువారు పూర్వము కొందరు నేతగాండ్రను కాశీకి పంపి జరీ నేత నేర్పించిరని ఈ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. పనితనము కొరకు దూరమేగుట మనకు క్రొత్త కాదు. నేడు నేతగాని బిడ్డ ఇటలీకి పోయి చదువుటయు అట్టిదే. అయితే అచ్చట నేర్వదగినదేమి?

ఇటలీలో ఫ్లారెన్సు నగరమునకు చేరువనున్న ప్రాతో పట్టణము ఉన్నిబట్టలకు ప్రసిద్ధము. 19వ శతాబ్దినుండి అచ్చటివారు పాత ఉన్నిబట్టలను రంగుల వారీగా వేరుపరచి, చీల్చి, పింజగా మార్చి, మరల దారము వడకుచున్నారు. రంగులు ముందే వేరగుటచే అద్దకపు పని తగ్గి, నీరు ఆదా అగును. సుస్థిరత యనగా ఇదియే: నేటి పని రేపటివారి నీటిని, నేలను, ఉపాధిని హరింపకుండుట.

అచ్చటిదంతయు ఆదర్శము కాదు. 2013లో ఆ ప్రాతోలోనే ఒక దుస్తుల కార్ఖానాలో నిప్పంటుకొని 7గురు కార్మికులు మరణించిరి. పనివాని క్షేమము లేని పరిశ్రమ సుస్థిరము కానేరదు.

ఇటలీవారు ఊరి పేరును ఆస్తివలె కాపాడుకొందురు. పార్మా ప్రాంతపు జున్ను తయారుచేయువారు 1934లో సంఘముగా ఏర్పడిరి. నేడు పరీక్షకు నిలిచిన జున్నుగడ్డకే ముద్ర పడును.

మన సంపద తక్కువది కాదు. గద్వాల చీర నడిమిభాగము ప్రత్తినూలు; అంచు, కొంగు పట్టు. నూలును పట్టును కుప్పడపు నేతలో వేరువేరు నాడెలతో పెనవేసి కలుపుదురు. గద్వాల, రాజోలిలలోను, వనపర్తి జిల్లా అమరచింతలోను మగ్గములు కలవు. నాగర్‌కర్నూలు చేలలో ప్రత్తి పండుచున్నది. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. వేరొకచోట మరమగ్గముపై నేసిన చీరను ఆ పేరుతో అమ్మరాదు. కాని నేయువానికి కూలి గిట్టనిచో గుర్తింపు కాగితముపైననే మిగులును. మగ్గపు గుంటలు పూడిపోవును.

ఇచ్చట పంచాయతీ బాధ్యత కలదు. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన 11వ షెడ్యూలులోని 29 విషయములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు ఒకటి. సభ్యులు గ్రామములోని మగ్గములను, పనివారిని లెక్కించి వ్రాసి ఉంచవలెను. అద్దకపు నీరు చెరువులో కలియకుండ చూడవలెను. చదువుకోరు యువజనులకు దారి చూపవలెను. హైదరాబాదులో చేనేత సాంకేతిక విద్యాసంస్థ 2024లో ప్రారంభమైనది. ఇటలీ ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో రుసుము సాధారణముగా కుటుంబ ఆదాయమును బట్టి ఉండును; అచ్చటి ప్రాంతీయ ప్రభుత్వముల విద్యార్థి వేతనములకు విదేశీయులును దరఖాస్తు చేయవచ్చును. అందుకు ఆదాయ, కుటుంబ పత్రములు కావలెను. వానిని తహసీలుదారు కార్యాలయమునుండి సకాలమున పొందుటకు సభ్యులు తోడ్పడవచ్చును.

కాశీకేగినవారు తిరిగివచ్చుటచేతనే ఆ నేర్పు గద్వాలకు దక్కినదని పెద్దల మాటలోని సారము. మన బిడ్డలు తిరిగి వచ్చునాటికి ఇచ్చట మగ్గము ఆడుచుండవలెను, కూలి గిట్టుచుండవలెను. ఆ పని మనది.