నెమ్మదిగా పేర్చిన గాజు

పటికబెల్లం ముక్కను, అంగడిలో దొరికే నిమ్మబిళ్ళను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ మూలం చక్కెరే. పటికబెల్లంలో చక్కెర అణువులు బారులు తీరి ఉంటాయి, అది స్ఫటికం. నిమ్మబిళ్ళలో అవి చిందరవందరగా ఉంటాయి. పాకం త్వరగా చల్లారడంతో, వరుసలో కుదురుకొనే వ్యవధి లేక అణువులు ఉన్నచోటనే బిగుసుకుపోయాయి. ఇలా క్రమం లేకుండా గట్టిపడిన పదార్థాన్నే శాస్త్రజ్ఞులు గాజు అంటారు. కిటికీ అద్దం ఒక్కటే గాజు కాదన్నమాట!

మరి ఒకే పదార్థంతో చేసిన గాజు ఎప్పుడూ ఒకేలా ఉంటుందా? ఉండదు. తయారుచేసిన తీరును బట్టి దాని నిర్మాణం మారుతుంది.

గాజును తయారుచేయడానికి ద్రవాన్ని చల్లార్చడం ఒక పద్ధతి. మరొక పద్ధతి కూడా ఉంది. గాలి తీసివేసిన పెట్టెలో పదార్థాన్ని వేడిచేస్తారు. దాని ఆవిరి ఎదురుగా ఉన్న చల్లని పలక మీద పలుచని పొరగా పేరుకొంటుంది. ఇలా చేసిన గాజు నాసిరకమని ఒకప్పుడు చాలామంది భావించేవారు.

2007లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఎడిగర్ బృందం ఈ భావనను తలక్రిందులు చేసింది. వారు తీసుకొన్న పదార్థాలలో ఒకటి ఇండోమెథాసిన్. ఇది నొప్పి, వాపు తగ్గించే మందు. దీని గాజు సుమారు 42 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 315 కెల్విన్ వద్ద మెత్తబడుతుంది. పలకను ఇందులో 85 శాతం, అంటే సుమారు 268 కెల్విన్ దగ్గర ఉంచి, ఆవిరిని నెమ్మదిగా పేర్చితే అద్భుతమైన గాజు వచ్చింది! దాని సాంద్రత మామూలు గాజు కంటే సుమారు ఒక శాతం ఎక్కువ. దాన్ని కరిగించడానికి ఎక్కువ వేడి కావాలి. మామూలు గాజు తనంతట తాను సర్దుకొని ఆ స్థితికి చేరాలంటే వేల సంవత్సరాలు పడుతుందని అంచనా.

ఇది ఎలా సాధ్యం? కుంచంలో వడ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. గుప్పెడు పోసి కుదిపి, మళ్ళీ గుప్పెడు పోసి కుదిపితే ఎక్కువ వడ్లు పడతాయి. పొరలోనూ అంతే. లోపలి అణువును అన్నివైపులా పొరుగు అణువులు బిగించి ఉంచుతాయి. పైన ఉన్న అణువుకు ఒక వైపు ఖాళీయే. అందువల్ల అది చాలా వేగంగా కదలగలదు. తనపై మరొక పొర కప్పేలోగా అది అనువైన చోటు వెతుక్కొంటుంది.

అయితే పలక మరీ చల్లగా ఉంటే పై అణువులు కూడా కదలలేవు. మరీ వెచ్చగా ఉంటే పొర ద్రవంగానే ఉండి, చల్లార్చినప్పుడు మామూలు గాజే వస్తుంది. ఆవిరి హడావిడిగా పేరుకొంటే సర్దుకొనే వ్యవధి చాలదు. అంటే ఉష్ణోగ్రత, వేగం రెండూ కుదరాలి.

దీనివల్ల మనకేమిటి లాభం? అనేక సెల్‌ఫోన్ల తెరలలో వెలుగునిచ్చే ఓలెడ్ దీపాలు ఇలాంటి పలుచని గాజు పొరలే. 2018లో బార్సిలోనా, డ్రెస్డెన్ నగరాల శాస్త్రజ్ఞులు ఓలెడ్ పొరలను ఇదే 85 శాతం సూత్రంతో పేర్చి చూశారు. దీపాల సామర్థ్యం, మన్నిక రెండూ 15 శాతానికి పైగా పెరిగాయి. పదార్థం మారలేదు, పేర్చిన తీరు మారింది, అంతే!

ఈసారి ఇంట్లో డబ్బాలో బియ్యం పోసేటప్పుడు రెండు విధాలుగానూ పోసి చూడండి. ఏ పద్ధతిలో ఎక్కువ పట్టాయో మీకే తెలుస్తుంది.